డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

లోకమున కీర్తి రెండు విధములుగా నుండును. పేరు ముందు నడచి పని దాని వెంట వచ్చునది యొకటి. పని యింటింటికి చేరియు పేరు మాత్రము త్రోవలోనే నిలిచిపోవునది రెండవది. గర్భవతులకు వైద్యులిచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్ర నెఱుగని యూరు నేడు మన దేశమున లేదు. బోదకాలు నివారణకై ప్రభుత్వమువారు పంచిన మాత్రలను మ్రింగినవారు గోదావరి తీరమున లక్షలుగా నున్నారు. రక్తమునకు క్యాన్సరు సోకిన పసిబిడ్డను ఆసుపత్రికి గొనిపోయిన తలిదండ్రులకు మెథొట్రెక్సేటు అను మందు పేరు తెలియక మానదు. ఈ మూడింటి వెనుకను నిలిచినవాడు ఒక్క తెలుగువాడే యని చెప్పగలవారు మాత్రము మనలో మిక్కిలి తక్కువ. ఆ మహనీయుడే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన చరిత్రమును సంగ్రహముగా నిచట తెలుపుచున్నాము.

సుబ్బారావుగారు 1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాలుగవవారు. తండ్రి రెవిన్యూ శాఖలో ఇన్స్పెక్టరుగా నుండి వయసు మీరకమునుపే ఉద్యోగము విరమించుకొనుటచే ఆ యింట కలిమికన్న కొఱతయే హెచ్చుగా నుండెను. బాలుని మనస్సు పుస్తకములమీద నిలువలేదు. 13 ఏండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, కాశీక్షేత్రమున యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనికుడు కావలెనని బయలుదేరెను. ఇంటివారు వెదకి వెనుకకు తెచ్చిరి.

వెంకమ్మగారు మిక్కిలి పట్టుదల గల యిల్లాలు. ఆమె కుమారుని రాజమహేంద్రవరమునను, పిమ్మట మదరాసునను చదివించెను. అతడు మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి కృతార్థుడయ్యెను. పరీక్ష తప్పిన పిల్లవానిని చూచి వీనికి విద్య యబ్బదని తీర్పు చెప్పుటకు తొందరపడు పెద్దలు ఈ సంగతిని మఱువకుందురు గాక.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువునాటికి ఆయన చిత్తము వైరాగ్యమువైపు మొగ్గెను. రామకృష్ణ మఠమువారి సాంగత్యమున సన్న్యసింపగోరెను. తల్లి యందుకు సమ్మతింపకుండుటచే, రోగుల సేవయు భగవత్సేవయే యని మనస్సు సమాధానపరచుకొని మదరాసు వైద్యకళాశాలలో ప్రవేశించెను. అది గాంధీమహాత్ముని పిలుపునకు యువకులు చెవియొగ్గుచున్న కాలము. సుబ్బారావుగారు ఖద్దరు ధరించి శస్త్రవైద్యశాలకు పోవుట ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు సరిపడదాయెను. కడకు ఎం.బి.బి.ఎస్. పట్టము రాక, దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. ఆ పట్టముతో ప్రభుత్వ వైద్యశాఖలో మంచి యుద్యోగము దొరకుట దుర్ఘటము. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శారీరశాస్త్రమును బోధించుచు కొంతకాలము గడపిరి.

ఇంతకుమునుపే 1919 వ సంవత్సరము మే నెలలో అనపర్తి వాస్తవ్యులైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వీరికి వివాహమయ్యెను. ఆ యేండ్లలోనే ఇంటిపై పిడుగు పడినట్లయ్యెను. సోదరులిద్దరు కొలది దినముల యెడముతో ఒకే వ్యాధికి బలియైరి. ఆంగ్లవైద్యులు స్ప్రూ అనియు మన వైద్యులు సంగ్రహణి యనియు చెప్పు వ్యాధి యది. తిన్న యన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి నానాటికి కృశించి చనిపోవును. వైద్యవిద్య నేర్చినవాని కన్నులయెదుట తోబుట్టువులు పోవుచుండ, చేతిలో మందు లేకపోయెను. ఈ దుఃఖమే ఆయనను మందుల మూలమును వెదకుటకు పురికొల్పెనని తలచుట అసంగతము కాదు.

అమెరికాకు పోయి పైచదువు చదువవలెనని సంకల్పించిరి. చేత ధనము లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థవారు సహాయము చేయుదుమని మాట యిచ్చిరి. మామగారు మఱికొంత ద్రవ్యము సమకూర్చిరి. దాత కులమొకటి, విద్యార్థి కులమొకటి. ఆ ధర్మము పాత్రతను మాత్రమే చూచినది. నేడు విద్యార్థివేతనములు నెలకొల్పు దాతలకు ఇంతకన్న మంచి మాదిరి దొరకుట యరిది.

1920 దశకపు తొలి యేండ్లలో సుబ్బారావుగారు బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వైద్యమున డిప్లొమా పొందిరి. కాని పొట్ట గడచుట కష్టమై, పగలు చదువుచు రాత్రులందు ఆసుపత్రిలో కూలిపని చేసిరి. పిమ్మట అచటనే జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అను పండితునియొద్ద పరిశోధకుడుగా చేరిరి. ఆయన మహత్కార్యము లిచటనే ఆరంభమైనవి.

ఆ కార్యముల విలువ తెలియవలెనన్న ఎంజైములనుగూర్చి కొంచెము చెప్పవలసియున్నది. పిండి పులియుటకును మద్యము తయారగుటకును కారణమైన ద్రవ్యమును మన ప్రాచీనులు కిణ్వమనిరి. కౌటిల్యుని యర్థశాస్త్రమున సురాధ్యక్షుని విధులు చెప్పుచోట ఈ శబ్దము కలదు. కిణ్వమువలన మదశక్తి పుట్టునట్లు భూతముల కూడికవలన చైతన్యము పుట్టునని చార్వాకులు వాదించిరి. ఆ వాదమును మనము ఒప్పకున్నను, పులియుటకును ప్రాణమునకును గల చుట్టఱికమును వారు గుర్తించిరని మాత్రము ఒప్పవలెను. నేటి శాస్త్రజ్ఞులు జీవకణమున పనిచేయు అట్టి శక్తులనే ఎంజైములందురు. మనము తిన్నది జీర్ణమగుటయు, కండ కదలుటయు, కణము రెండుగా చీలుటయు వీని మూలముననే. ప్రతి ఎంజైమునకును ఒక ప్రత్యేకమైన గుంట కలదు. దానిలో తగిన పదార్థమే యిమిడి మార్పు చెందును. ఎమీల్ ఫిషర్ అను జర్మను పండితుడు 1894 లో దీనిని తాళముతోను తాళపుచెవితోను పోల్చెను. ఎంజైము తాళము, దానిలో నిముడు పదార్థము తాళపుచెవి.

1925 లో ఫిస్క్, సుబ్బారావుగార్లు శరీరద్రవములలోని ఫాస్ఫరసును కొలుచు నొక సులభపద్ధతిని ప్రకటించిరి. ఫాస్ఫేటు గల ద్రవమున మాలిబ్డేటును చేర్చి, దానిని వేఱొక రసాయనముచే నీలిరంగునకు మార్చి, ఆ రంగు చిక్కదనమును బట్టి ఫాస్ఫరసు ఎంత కలదో నిర్ణయింతురు. చూచుటకు ఇది చిన్నపని. కాని ఫాస్ఫేటును విడదీయు ఎంజైములు అనేకములు. అవి యెంతవేగముగా పనిచేయుచున్నవో తెలియవలెనన్న విడివడిన ఫాస్ఫేటును కొలువవలెను. కంసాలికి త్రాసెట్టిదో ఎంజైము పరిశోధకునికి ఈ పద్ధతి అట్టిదయ్యెను. దీనికి ఫిస్క్-సుబ్బారావు పద్ధతియను పేరు స్థిరపడినది. కన్నవారిచ్చిన పేరు లోకమున నిలుపుటకు ఈ నీలిరంగొక్కటియే ఆయనకు సాక్షియై నిలిచినది.

త్రాసు చేతికి వచ్చిన పిదప తూచుటకు బంగారమును దొరకెను. కండరము కదలుటకు శక్తి యెచటనుండి వచ్చును? చక్కెర లాక్టిక్ ఆమ్లముగా మారుటవలననే యని నాటి పండితుల మతము. హిల్, మేయర్‌హాఫ్ అను శాస్త్రజ్ఞులకు కండర శాస్త్రమున 1922 వ సంవత్సరపు నోబెల్ బహుమానము వచ్చియుండుటచే ఆ మతమునకు ఎదురాడుట సులభము కాదు. ఫిస్క్, సుబ్బారావుగార్లు 1927 లో కండరమునందు క్రియాటినుతో కూడిన ఫాస్ఫేటును కనుగొనిరి; కండరము శ్రమించునపుడు అది తఱుగును, విశ్రమించునపుడు మరల పెరుగును. ఇంగ్లాండులో ఎగిల్టన్ దంపతులును అదే కాలమున ఈ జాడను పసిగట్టిరి. 1929 లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థమును కండరమునుండి వేఱుచేసిరి. దీనినే సంక్షేపముగా ఏటీపీ యందురు. జర్మనీలో కార్ల్ లోమన్ అను నాతడును అదే సంవత్సరము స్వతంత్రముగా దీనిని కనుగొనెను. ఇరువురకును ఈ గౌరవము చెందవలసినదే.

ఏటీపీ జీవలోకమున చెలామణియగు నాణెము వంటిది. అన్నమునుండి పుట్టిన శక్తి యీ నాణెముగా మారి, ఏ కణమున ఏ పని జరుగవలసియున్నను అచట వ్యయమగును. ఒక మనుష్యుని దేహము దినమొకటికి ఇంచుమించు తన బరువంత ఏటీపీని చేసి, వ్యయించి, మరల చేయుచుండునని లెక్క. ఈ నాణెము తెలిసినపిదప ఎంజైముల శాస్త్రమునకు క్రొత్త త్రోవ తెఱచుకొనెను. కండరములోని మయోసిన్ అను ప్రోటీను ఏటీపీని విడదీయు ఎంజైమని 1939 లో రష్యాదేశపు ఎంగెల్‌హార్డ్ దంపతులు తెలిపిరి. 1941 లో లిప్‌మన్ పండితుడు ప్రాణుల శక్తివ్యవహారమంతయు ఫాస్ఫేటు బంధములమీద నడచుచున్నదని నిరూపించి, 1953 లో నోబెల్ బహుమానమునందెను. ఏటీపీని తయారుచేయు ఎంజైము యొక్క ముఖ్యభాగపు రూపమును 1994 లో జాన్ వాకర్ ఎక్స్-కిరణముల సహాయమున స్ఫటికములనుండి గ్రహించెను. తిరుగలిలో నడిమి యిరుసువలె దాని మధ్యభాగము తిరుగుచు ఏటీపీని పుట్టించునను పాల్ బాయర్ ఊహ దానివలన బలపడెను. 1997 లో ఇరువురును నోబెల్ పురస్కారమున భాగస్వాములైరి. సుబ్బారావుగారు స్ఫటికములను పరీక్షించి ఎంజైముల రూపమును చూచినవారు కారు. ఆ తిరుగలినుండి రాలు పిండి యెట్టిదో అందఱికన్న ముందుగా చూపినవారిలో నొకరు.

ఇంత చేసినను హార్వర్డున వారికి తగిన గౌరవము లభింపలేదు. 1930 లో డాక్టరు పట్టమిచ్చిరి. స్థిరమైన ఆచార్యపదవి నీయరైరి. సుబ్బారావుగారు వేఱుచేసిన మఱికొన్ని పదార్థములు ఫిస్క్‌గారి యసూయచే ప్రకటింపబడక, పిమ్మట ఇతరులచే మరల కనుగొనబడవలసివచ్చెనని వారి సహాధ్యాయియు, 1988 లో నోబెల్ పురస్కార గ్రహీతయునైన జార్జి హిచింగ్స్ తరువాతికాలమున తెలిపెను. సుబ్బారావుగారు మాత్రము ఎవరినిగూర్చియు చప్పుడు చేయక, 1940 లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను నూరనున్న లెడర్లీ ఔషధ ప్రయోగశాలకు పోయి, కొలది కాలమునకే అచటి పరిశోధనలకు అధ్యక్షులైరి.

అచట చేపట్టినది ఆయన పూర్వదుఃఖమునకు సంబంధించిన పనియే. 1928 మొదలుకొని లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో మిల్లుకూలీలైన గర్భిణీస్త్రీల రక్తక్షీణతను పరీక్షించి, ఈస్టునుండి తీసిన సారమున దానిని మాన్పు ద్రవ్యమేదో కలదని కనుగొనియుండెను. 1941 లో కొందఱు అమెరికా పండితులు పాలకూరవంటి యాకులనుండి అట్టి ద్రవ్యమును తీసి, పత్రమను అర్థము గల లాటిను శబ్దముతో ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. సుబ్బారావుగారి యాజమాన్యమున లెడర్లీ పండితులు 1945 నాటికి దాని నిర్మాణమును తేల్చి ప్రయోగశాలలోనే తయారుచేసిరి. ఆ మందు అందిన వెంటనే వైద్యులు ఉష్ణదేశములలో స్ప్రూ రోగులకిచ్చి చూడగా, చావునకు సిద్ధమైనవారు కోలుకొనిరి. తోబుట్టువులను మ్రింగిన వ్యాధికి మందు చేతికి వచ్చెను. ఇరువదియేండ్లకు పైగా ఆలస్యమయ్యెను గాని వచ్చెను. అన్నదమ్ముల ఋణమును ఆయన లోకమునకు తీర్చెనని చెప్పనగును.

మేలు చేయు తాళపుచెవిని చేసినవాడు ఆ పోలికనే మాఱుచెవిని సయితము చేయగలడు. బోస్టనులో పసిబిడ్డల వైద్యుడైన సిడ్నీ ఫార్బర్, రక్తపు క్యాన్సరుతో బాధపడు శిశువులకు ఫోలిక్ ఆమ్లమునకు విరోధియైన పదార్థము కావలెనని సుబ్బారావుగారి నర్థించెను. ఫోలిక్ ఆమ్లములో ఒక చిన్న భాగమును మార్చి లెడర్లీవారు అమినోప్టెరిన్ అను మందును చేసియిచ్చిరి. 16 మంది శిశువులలో 10 మందికి వ్యాధి తాత్కాలికముగా తగ్గుముఖము పట్టెనని ఫార్బర్ 1948 లో ప్రకటించెను. మందుతో ఈ వ్యాధిని వెనుకకు నెట్టవచ్చునని లోకము అప్పుడే యెఱిగెను. అమినోప్టెరినునకు తోబుట్టువైనదే మెథొట్రెక్సేటు. అది నేటికిని క్యాన్సరునకును కీళ్లవాతమునకును వాడబడుచున్నది.

ఆ మందు పనిచేయు విధము మాత్రము ఆయన పోయినపిదపనే తెలియవచ్చెను. ఫోలిక్ ఆమ్లమును కణమునకు పనికివచ్చు రూపమునకు మార్చు ఎంజైము డైహైడ్రోఫోలేటు రిడక్టేజు అనునది. అది లేనిదే కణము తన వంశసూత్రమైన డీఎన్ఏకు కావలసిన దినుసును చేసికొనజాలదు. చేసికొనజాలనిదే రెండుగా చీలజాలదు. మెథొట్రెక్సేటు ఆ ఎంజైము గుంటలోనికి జొచ్చి, అసలు చెవికన్న ఇంచుమించు వేయిరెట్లు గట్టిగా పట్టుకొని, తాళమును బిగించివేయును. 1977 లో శాన్ డియాగో నగరమున మాథ్యూస్, క్రౌట్ మొదలగువారు ఈ రెండింటి కూడికను స్ఫటికరూపమున పరీక్షించి గుంట రూపమును చూపిరి. పిమ్మటి పరిశోధనలవలన ఒక వింత బయటపడెను. మాఱుచెవి అసలు చెవివలెనే గుంటలో నిలుచుననుకొనిరి. దాని తలభాగము తలక్రిందుగా తిరిగి యుండెను. ఎంజైము రూపమును చూచి దానికి తగిన మందును అల్లు నేటి శాస్త్రమునకు ఇది తొలిపాఠములలో నొకటి.

సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలనుండి మఱి రెండు దివ్యౌషధములు వెలువడినవి. 1947 లో హెట్రజాన్ అను మందు బోదకాలు క్రిములపై ప్రకటింపబడెను. మన సికిందరాబాదుననే 1897 లో రొనాల్డు రాస్ దోమ కడుపున మలేరియా క్రిమిని చూచెను. బోదకాలు క్రిమిని మోయునదియు దోమయే. 2004 నుండి మన దేశమున సామూహికముగా పంచిన మాత్ర యీ హెట్రజానే. డగ్గర్ అను వృద్ధపండితుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిన్ 1948 లో ప్రకటింపబడెను. టెట్రాసైక్లిన్ మందులలో నదియే మొదటిది. 1994 లో సూరతు నగరమున ప్లేగు భయము వ్యాపించినపుడు జనులు ఆశ్రయించినది ఈ జాతి మందునే. అది క్రిమి కణములలో ప్రోటీనులను నేయు రైబోజోమును అడ్డగించును. రైబోజోము తానే యొక మహా ఎంజైము వంటిది. దానిలో టెట్రాసైక్లిన్ ఎచ్చట కూర్చుండునో 2000 సంవత్సరమున చూపినవారిలో చిదంబరమున జన్మించిన వెంకట్రామన్ రామకృష్ణన్‌గారి బృందము ఒకటి; రైబోజోము పరిశోధనకు వారు 2009 లో నోబెల్ పురస్కారమున పాలుగొనిరి.

1948 వ సంవత్సరము ఆగస్టు నెలలో, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు హృద్రోగముచే అకస్మాత్తుగా స్వర్గస్థులైరి. ఫార్బర్ ప్రకటన వెలువడి అప్పటికి రెండుమాసములే. భారతీయులు అమెరికా పౌరులగుటకు 1946 లో వీలు కలిగినను వారు పౌరసత్వమును పుచ్చుకొనలేదు, భారతీయులుగానే కన్నుమూసిరి. స్వదేశమునకు మరల రానేలేదు. అనపర్తి యాడుబిడ్డ శేషగిరిగారు భర్త ముఖమును మరల చూడలేదు. కన్న కుమారుడును శైశవముననే గతించెను. ఔషధముల చరిత్రను వ్రాయువారు ఈమె పేరును విడువరాదు. లోకము పొందిన లాభములో ఆమె చెల్లించిన మూల్యమును కలదు.

చనిపోయిన పిదప గౌరవములు మెల్లగా వచ్చినవి. 1953 లో క్రొత్తగా కనుగొనిన యొక శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ అని వారి పేరు పెట్టిరి. 1995 లో శతజయంతికి భారత ప్రభుత్వము తపాలా బిళ్లను వెలువరించెను. నోబెల్ పురస్కారము రాలేదని మనము చింతింపనేల? ఎంజైముల శాస్త్రమున నాటినుండి వచ్చిన పెక్కు పురస్కారముల పునాదిలో ఆయన రాయి కలదు.

మెట్టుగూడనుండి తార్నాక మీదుగా ఉప్పలు త్రోవను కొంతదూరము పోయినయెడల రసాయన సాంకేతిక పరిశోధన సంస్థయు, హబ్సిగూడలో కణ-అణు జీవశాస్త్ర కేంద్రమును కానవచ్చును. అచటి ప్రయోగశాలలలో ఏటీపీ లేనిదే దినము గడువదు. ఆ ద్వారములలో ప్రవేశింపదగిన పిల్లలు మన యిండ్లలోను మన పొరుగిండ్లలోను ఉందురు. వారిలో పరీక్ష తప్పినవాడు ఉండవచ్చును. జీతము కట్టలేనివాడు ఉండవచ్చును. కాకినాడ ధర్మసంస్థవారు నాడు చేయి చాచకున్న, అనపర్తి మామగారు ధనము కూర్చకున్న, వెంకమ్మగారు మూడవమారు పరీక్షకు పంపకున్న, ఎన్ని యిండ్లలో ఎన్ని దీపములు ఆరిపోయియుండెడివో లెక్కింప శక్యము గాదు. మన దాతలు ఈ సంగతిని తలచి, అర్హుడైన విద్యార్థి యే యింటివాడైనను వానికి త్రోవ చూపుదురు గాక. సుబ్బారావుగారికి మనము చేయదగిన తర్పణము అదియే.